అద్దెకుండే గొంగళిపురుగు

గుంటూరు బ్రాడీపేటలో 'శాకాహారులకు మాత్రమే' అన్న బోర్డు కింద గుడ్డు తినేవాడు కాపురం చేయడం జీవశాస్త్రానికి సేవ. ప్రభుత్వం గుర్తించడం లేదు, అది వేరే సంగతి.

మా ఓనరుగారి పెరట్లో కరివేపాకు చెట్టు మీద నాలాంటివాడే ఒకడు దిగాడు. సీతాకోకచిలుక పిల్ల. మొదట్లో నల్లగా, నడుమ తెల్లమచ్చతో అచ్చం పిట్టరెట్టలా ఆకు మీద పడి ఉండేవాడు. రెట్టని ఏ పిట్ట పొడుచుకు తింటుంది? నాలుగుసార్లు కుబుసం విడిచాక ఒళ్ళు పెరిగింది, రెట్టవేషం ఇరుకైంది. ఇంకేం, కరివేపాకు పచ్చలోకి మారిపోయాడు. అడ్వాన్సు లేదు. 'మీరేవిట్లు?' అని అడిగినవాళ్ళూ లేరు.

నేనూ నా ప్రయత్నం చేశాను. గుమ్మానికి మామిడాకులు, ఫ్రిజ్ మీద వెంకన్న క్యాలెండరు, నోరు తెరిస్తే వంకాయ మాట. ఇంగ్లండులో పెప్పర్డ్ మాత్ అనే చిమ్మట గొంగళిపురుగు ఏ పుల్ల మీదుంటే ఆ రంగుకు తిరుగుతుంది. దాని కళ్ళకు నల్లరంగు పూసినా చర్మంతోనే పసిగట్టి మారిందని 2019లో తేల్చారు. ఇందులో వింతేముంది? ఓనరుగారి భార్య మెట్లు దిగుతుంటే నా వీపుకి తెలుస్తుంది. వెనక్కి తిరక్కుండానే గుత్తొంకాయ అందుకుంటాను. నా మీద మాత్రం ఎవరూ పరిశోధన చేయలేదు.

అమెరికాలో ఓక్ చెట్టు మీద ఇంకో జాతి ఉంది. వసంతంలో పూగుత్తులు తిని పూగుత్తిలా, వేసవిలో ఆకులు తిని పుల్లలా తయారవుతుంది. తిన్నది ఒంటికి పట్టడమంటే అదీ! మన చేలల్లో శనగపచ్చ పురుగు కూడా పేరుకే పచ్చ, మేతని బట్టి గోధుమరంగూ గులాబీరంగూ తేలుతుంది. మిర్చి యార్డు పక్కనే పుట్టి, ఇంత కారం తిని, గుంటూరోడు ఒక్కడూ ఎర్రబడడేం? కోపమొస్తే తప్ప.

అయితే రంగు కుదిరినంత మాత్రాన సరిపోదు, వాసన సంగతి ఉంది. మా చెట్టు మీదివాణ్ణి పుల్లతో కదిపితే తల వెనకనించి చీలిన కొమ్ములు బయటికి తన్నుకొస్తాయి, ముక్కుపుటాలదిరే కంపుతో. వాడికది ఆయుధం. నాకు మాత్రం వాసనే గండం. మొన్న ఆదివారం వేసుకున్న ఆమ్లెట్ వాసన కిటికీలోంచి తిన్నగా తులసికోట దాకా నడిచి వెళ్ళింది.

"ఏవయ్యా, నీచుకంపు కొడుతోందేం?"

"కరివేపాకు మీద పురుగుందండీ బాబాయిగారూ. కదిపితే కంపు కొడుతుంది."

అందులో సగం నిజం. ఆయన లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకున్నారు. ఒక్కో రెబ్బా తిప్పి చూశారు. వాడు ఆయన ముక్కుకి జానెడు దూరంలో ఈనె పట్టుకుని, తల లోపలికి ముడుచుకుని ఉన్నాడు. కదల్లేదు. నేనూ కదల్లేదు.

"ఏదీ?" అన్నారాయన.