గోదావరి బురద సాక్ష్యం చెల్లుతుందా?

(కాకినాడలో ఒక గ్రంథాలయపు మేడగది. చరిత్ర బోధించి ఉద్యోగ విరమణ చేసిన మాస్టారు ఒకవైపు, సముద్ర భూరసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఆయన పూర్వ విద్యార్థిని మరొకవైపు కూర్చున్నారు. గ్యాస్ హైడ్రేట్ల (సముద్రపు అడుగున మంచులా గడ్డకట్టిన సహజవాయువు) అన్వేషణ కోసం 2006లో మన తూర్పు తీరానికి వచ్చిన జోయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ, గోదావరి ముఖద్వారానికి ఎదురుగా సుమారు 1,270 మీటర్ల లోతున సముద్రపు అడుగు నుంచి తీసిన మట్టి మీద ఈ వాదన. ఆ మట్టిని పరీక్షించిన కమీలో పాంటన్, లివియు జోసాన్ తదితరులు, మధ్య భారతం సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి వరకు క్రమంగా ఎండిపోతూ వచ్చిందని 2012లో ప్రకటించారు.)

మాస్టారు: త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే నది ఇది, దీని పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. అంతటి నేల మీద వేల ఏళ్లపాటు కురిసిన వానల కథను ఒక గొట్టంలో పట్టే మట్టి చెబుతుందంటే నేను వెంటనే ఒప్పుకోలేను, అమ్మా. శాసనం దొరికితే అందులో రాజు పేరు, తిథి, దానం పుచ్చుకున్నవాడి గోత్రం ఉంటాయి; అయినా అది కూటశాసనమేమోనని పదిసార్లు పరీక్షిస్తాం. మీ బురదకు ఆ పరీక్ష ఎవరు పెట్టారు?

పరిశోధకురాలు: ఆ బురదలో ఒకదానితో ఒకటికి సంబంధం లేని ఇద్దరు సాక్షులున్నారు మాస్టారూ. మొదటిది, సముద్రపు పైనీటిలో తేలుతూ బతికే ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవి గుల్ల. మట్టిని జల్లెడలో కడిగి, సూక్ష్మదర్శిని కింద తడి కుంచె కొనతో ఒక్కొక్క గుల్లనూ ఏరతాం. అది ఇసుక రేణువంత ఉంటుంది, కొన్ని బుడగలు అతుక్కున్నట్టు కనిపిస్తుంది, కుంచె కాస్త గట్టిగా తగిలితే పొడి అయిపోతుంది. దాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లంలో కరిగించి, వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపి, తేలికైన ఆక్సిజన్-16కు బరువైన ఆక్సిజన్-18 ఏ పాళ్లలో ఉందో కొలుస్తాం. నది నీటిలో ఈ బరువైన ఆక్సిజన్ తక్కువ, సముద్రపు నీటిలో ఎక్కువ. కాబట్టి వరద తగ్గిన రోజుల్లో పెరిగిన గుల్లలో అది ఎక్కువగా చేరుతుంది. గడచిన 3,000 ఏళ్లలో, మరీ ముఖ్యంగా 1,700 ఏళ్ల నుంచి, అంతకుముందు ఎన్నడూ లేనంతగా బంగాళాఖాతంలో ఉప్పదనం పెరిగిన ఘట్టాలు ఈ గుల్లల్లో కనిపించాయి.

మాస్టారు: ఇదే ఆక్సిజన్ లెక్కను 1955లో చెసారే ఎమిలియాని అనే శాస్త్రవేత్త ప్రధానంగా సముద్రపు ఉష్ణోగ్రతగా చదివాడు. 1967లో నికొలస్ షాకిల్టన్ అనే మరో శాస్త్రవేత్త వచ్చి, అందులో ఎక్కువ భాగం హిమఫలకాల్లో చిక్కుకున్న నీటి లెక్క అన్నాడు. అదే అంకె ఒకరికి వేడి, ఇంకొకరికి మంచు, ఇప్పుడు నీకు ఉప్పు. ఇన్ని అర్థాలు పలికే సాక్షిని ఏ న్యాయస్థానం నమ్ముతుంది?

పరిశోధకురాలు: ఆ దిద్దుబాటు ఎలా జరిగిందో కూడా చూడాలి కదా. సముద్రపు అడుగునీరు ఇప్పటికే గడ్డకట్టే స్థితికి దగ్గరగా ఉంటుంది, ఇంకా చల్లబడటానికి అక్కడ పెద్దగా అవకాశం లేదు. అయినా అడుగున బతికిన గుల్లల్లోనూ పైనీటి గుల్లల్లో ఉన్నంత మార్పే కనబడింది. గుల్లల తప్పును గుల్లలే పట్టించాయి. ఇక మనం మాట్లాడుకుంటున్న నాలుగు వేల ఏళ్ల నాటికి హిమయుగపు మంచు కరగడం దాదాపుగా ముగిసింది, కాబట్టి మంచు లెక్క ఇక్కడ అంతగా అడ్డు రాదు.

మాస్టారు: సరే, ఉప్పదనం పెరిగిందనే అనుకుందాం. అందుకు వాన తగ్గడమే కారణం కానక్కరలేదు. నది పాయ పక్కకు జరిగినా ఆ చోట నీరు ఉప్పెక్కుతుంది. గోదావరి పాయలు ఎన్నిసార్లు దారి మార్చాయో డెల్టాలోని పాత ఇసుక దిబ్బలను అడుగు.

పరిశోధకురాలు: గుల్ల ఒక్కటే ఉంటే ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. రెండో సాక్షి అవసరం ఇక్కడే వస్తుంది. తామరాకు మీద నీటిబొట్టు నిలవకుండా జారిపోయేలా చేసే మైనపు పూత దాదాపు ప్రతి ఆకుకూ ఉంటుంది. ఆకు కుళ్లినా అది త్వరగా చెడదు, మట్టితో పాటు కొట్టుకొచ్చి సముద్రంలో చేరుతుంది. చెట్లు, వరి ఒక పద్ధతిలో కార్బన్‌ను గ్రహిస్తాయి. ఎండను తట్టుకునే గడ్డి జాతులు చాలావరకు, వాటితో పాటు జొన్న, సజ్జ మరో పద్ధతిలో గ్రహిస్తాయి, వాటి మైనంలో కార్బన్-13 ఎక్కువ. గోదావరి ఏ పాయలో పారినా దక్కనులో మొలిచిన ఆకు మైనం మారిపోదు. అది కూడా ఎండిన నేల వైపే చూపిస్తోంది.

మాస్టారు: జొన్న పేరు నువ్వే ఎత్తావు! గోదావరి ఉపనది ప్రవర ఒడ్డున దైమాబాద్‌లో దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటే రైతులున్నారు. వాళ్లు అడవి కొట్టి చిరుధాన్యాలు చల్లితే మీ యంత్రం దాన్ని కరువు అంటుంది. నా బాధ అంతా ఇదే: మనిషి చేసిన పనిని మేఘాల ఖాతాలో రాస్తున్నారు. దక్షిణాదిన చెరువులు వెల్లువలా పెరగడానికి కూడా ఈ వాతావరణమే దారితీసి ఉండవచ్చని ఆ 2012 నాటి పరిశోధన పత్రంలో ఉంది. చెరువు తవ్వించడం మనకు సప్తసంతానాల్లో ఒకటి. రామప్ప, పాకాల కట్టించిన కాకతీయుల కాలంలో ఆ పుణ్యచింతన ఉంది, కొత్త ఊళ్లు నిలిపి పన్ను రాబట్టాలన్న ఆలోచన ఉంది, సామంతుల పోటీ ఉంది. వీటన్నిటినీ ఒక ఉప్పు రేఖ కింద పూడ్చేయడం అన్యాయం.

పరిశోధకురాలు: చెరువుల విషయంలో మీ మాటే నా మాట. అడవి సంగతిలో మాత్రం ఆ మట్టి ఇంకొంత చెప్పింది. గొట్టంతో తీసిన అదే మట్టి స్తంభం (కోర్) మీద 2017లో వెలువడిన పరిశోధనలో మట్టి ఏ రాతి నుంచి వచ్చిందో నియోడిమియం అనే లోహపు ఐసోటోపులతో, అంటే బరువులో తేడా ఉన్న దాని పరమాణు రూపాలతో, గుర్తించారు. నల్లరేగడికి తల్లిరాయి అయిన దక్కను బసాల్ట్ వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు, తూర్పు కనుమల రాళ్లు అంతకంటే ఎన్నో రెట్లు పాతవి, కాబట్టి వాటి గుర్తులు వేరు. వాళ్లు తేల్చిన వరస ఇది: ముందు రుతుపవనాలు బలహీనపడి, పచ్చదనం పలచబడి, నేల కోత పెరిగింది, ఆ తరవాత దక్కనులో సేద్యం మొదలై, ఇనుప యుగంలో విస్తరించి, ఆ కోతను ఇంకా పెంచింది. మీ రైతు ఈ లెక్కలో ఉన్నాడు మాస్టారూ, రెండో అంకంలో ఉన్నాడు.

మాస్టారు: కోత పెరిగితే వందల ఏళ్లుగా నేలలో దాగిన పాత మైనం కూడా కొట్టుకొస్తుంది కదా? అప్పుడు నీ రెండో సాక్షి ఏ తరం మాట చెబుతున్నట్టు?

పరిశోధకురాలు: సముద్రంలో చేరిన కార్బన్ వయసు పెరిగిందని ఆ పరిశోధనే చూపింది. పాత మైనం కలిసినప్పుడు మార్పు నిజంగా జరిగినదానికంటే ఆలస్యంగా, నెమ్మదిగా జరిగినట్టు కనిపిస్తుంది. అందువల్ల ఈ మట్టిని చూపి ఫలానా శతాబ్దంలో కరువు వచ్చిందని ఎవరైనా అంటే నేను కూడా ఒప్పుకోను. వేల ఏళ్ల పోకడ వరకే దీన్ని నమ్ముతాను.

మాస్టారు: ఇంకొక్కటి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట లేచింది, తరవాత ఎగువన జాయక్‌వాడి, శ్రీరామసాగర్ వచ్చాయి. నీరు కాలువల్లోకి మళ్లింది, మేట జలాశయాల్లో ఆగింది. వెయ్యేళ్ల తరవాత ఎవరో మళ్లీ గొట్టం దింపితే మన కాలపు పొరను ఏమని చదువుతారు?

పరిశోధకురాలు: గుల్లను ఒక్కదాన్నే చూస్తే పెద్ద కరువు అనుకునే ప్రమాదం ఉంది. ఆనకట్టల సంగతి రాసి ఉన్న కాగితం ఏదైనా వాళ్ల చేతికి అందాలి.

మాస్టారు: అయితే ఆ కాగితం పని ఇప్పుడే మొదలుపెడదాం. నా దగ్గర చెరువు శాసనాల జాబితా ఉంది, శతాబ్దాల వారీగా రాసుకున్నాను. నీ ఉప్పు రేఖ పక్కన పెట్టి చూడు. కలవకపోతే కలవలేదనే రాయాలి.

పరిశోధకురాలు: అలాగే రాస్తాను మాస్టారూ. జాబితా ఇవ్వండి.