చిన్న మదుపరి బలం ట్రేడింగులో లేదు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం ప్రాంతాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతోంది. లాంచీ మలుపు తిరగాలంటే గోదావరంత వెడల్పు కావాలి, దోనె పంటకాలువలోనూ తిరుగుతుంది. కాబట్టి వేల కోట్ల మ్యూచువల్ ఫండ్ల కంటే లక్ష రూపాయల ట్రేడరే ఎక్కువ రాబడి తీయగలడు అన్నది దాని సారాంశం. ఫండ్లు నిఫ్టీ లాంటి మార్కెట్ సూచీని కూడా దాటలేకపోతున్నాయని, స్థానిక సంగతులు మనకే ముందు తెలుస్తాయని, ఇప్పటికే ఎందరో సంపాదిస్తున్నారని దానికి తోడు కారణాలు చూపుతున్నారు. రొయ్యల పట్టుబడి సొమ్మును ఆప్షన్లలో, అంటే ధరలు గడువులోగా ఎటు కదులుతాయన్నదాని మీద కుదిరే ఒప్పందాల్లో, పెట్టించడానికి ఈ వాదన వాడుతున్నారు గనుక దీన్ని వదిలేయకూడదు.

దోనె ఉపమానంలో నిజం లేకపోలేదు. 30,000 కోట్ల రూపాయల ఫండు, మొత్తం మార్కెట్ విలువ 1,000 కోట్లే ఉన్న కంపెనీలో ఎంత పెట్టగలదు? ఒక మ్యూచువల్ ఫండ్ సంస్థ తన పథకాలన్నీ కలిపి ఏ కంపెనీలోనూ 10 శాతానికి మించి ఓటు హక్కు వాటా కొనకూడదన్నది స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. అంటే ఇక్కడ పరిమితి 100 కోట్లు. ఆ వాటా విలువ రెట్టింపైనా ఫండు రాబడి పెరిగేది మూడో వంతు శాతమే గనుక అంత పెద్ద ఫండు అటు చూడదు. చిన్న మదుపరికి ఆ అడ్డంకి లేదు. అయితే ఈ సౌలభ్యం ఖాతాలు చదివి, షేరు కొని, ఏళ్ల తరబడి ఉంచుకునేవాడిది. ఉదయం కొని మధ్యాహ్నం అమ్మేవాడిది కాదు.

ఆప్షన్లలో ఎదురుగా ఉన్నది కదలలేని లాంచీ అనుకోవడమే అసలు పొరపాటు. 2024 సెప్టెంబరులో సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు ఆప్షన్లలో, వాటి లాంటి ముందస్తు ఒప్పందాలైన ఫ్యూచర్స్‌లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవారు ఒక్క శాతమే. 2023-24లో సొంత డబ్బుతో ట్రేడింగు చేసే సంస్థలు సుమారు 33,000 కోట్లు, విదేశీ సంస్థాగత మదుపరులు 28,000 కోట్లు స్థూల లాభం (ఖర్చులు తీయక ముందు) పొందగా, అందులో 95 శాతానికి పైగా కంప్యూటర్ అల్గారిథమ్‌లతో వచ్చింది. వేగంలోనూ ఆ పెద్ద సంస్థలదే పైచేయి. పైగా ఆ ఏడాది ఒక్కో వ్యక్తి సగటున 26,000 రూపాయలు లావాదేవీల ఖర్చుల కిందే చెల్లించాడు. రెండు లక్షలతో దిగినవాడికి అది 13 శాతం, అంత సంపాదించాకే లాభం మొదలవుతుంది.

పెద్ద కంపెనీల షేర్లు కొనే లార్జ్‌క్యాప్ ఫండ్లలో చాలావి దీర్ఘకాలంలో సూచీ కంటే వెనకబడుతున్న మాట నిజమే. దాన్నిబట్టి తేలేది సూచీనే అనుసరించే, తక్కువ ఖర్చున్న ఇండెక్స్ ఫండు కొనుక్కోవచ్చని మాత్రమే. ఫండు ఓడినంత మాత్రాన మనం గెలిచినట్టు కాదు.

స్థానిక జ్ఞానం వాదనే మనవాళ్లను ఎక్కువగా ఆకట్టుకుంటోంది. చెరువు గట్టున నిలబడ్డ రైతుకు వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్య ధర పడిందనీ, తెల్లమచ్చ తెగులు సోకిందనీ ముంబైలోని ఫండ్ మేనేజరు కంటే ముందే తెలుస్తుంది, ఒప్పుకుందాం. కానీ మేత కంపెనీ లాభం సోయా పిండి ధర మీద, చేపల పొడి ధర మీద కూడా ఆధారపడుతుంది. ఎగుమతి కంపెనీది డాలరు మారకం మీద, అమెరికా సుంకాల మీద. 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచిన నిర్ణయం ఏ చెరువు గట్టు మీదా ముందుగా కనిపించేది కాదు. ఇక నిఫ్టీ ఆప్షను కొనేవాడికి వనామీ రొయ్య ధర ఎందుకు పనికొస్తుంది? ఇంతకంటే నన్ను కలవరపెట్టేది మరొకటుంది. రొయ్యల మీద బతికే రైతు తెలిసిన రంగమని రొయ్యల షేర్లే కొంటే, సుంకం పెరిగినా ఎగుమతులు ఆగినా పంట ధర, పొదుపు ఒకేసారి దెబ్బతింటాయి. ఫండ్ మేనేజరుకు ఆ ప్రమాదం లేదు.

సంపాదించినవారి స్క్రీన్‌షాట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అవి ఒక రోజువి. నష్టపోయినవారిలో 75 శాతానికి పైగా వరుస నష్టాల తర్వాతా ట్రేడింగు మానలేదని అదే అధ్యయనం చెబుతోంది. పెట్టుబడి పెట్టమని అడిగేవారిని మూడు ఆర్థిక సంవత్సరాల లాభనష్టాల నివేదిక, బ్రోకరేజీ, పన్నులు మినహాయించినది, చూపమని అడగండి. బ్రోకరు యాప్ నుంచి అది నిమిషాల్లో డౌన్‌లోడ్ అవుతుంది.