సెషన్ స్టోరేజ్ గారికి ఒక మనవి

అయ్యా సెషన్ స్టోరేజ్ గారూ,

బ్రౌజర్‌లో ఒక్కో ట్యాబ్‌కు విడిగా సమాచారం దాచిపెట్టే కొట్టు మీరు. మీ పలుకుబడి చూస్తుంటే ముచ్చటేస్తోంది. యూజర్ లాగిన్ అయ్యాడనడానికి గుర్తుగా ఉండే లాగిన్ టోకెన్ ఎక్కడ పెడదామని ఎవరైనా నోరు తెరవడమే ఆలస్యం, "కుకీ ఎందుకు, కాలం చెల్లిన సరుకు! సెషన్ స్టోరేజ్‌లో పడేయ్" అంటున్నారు.

నిజమే, సైటు మన బ్రౌజర్‌లో దాచే చిన్న చీటీ అయిన కుకీ పాతకాలపు మనిషి. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో లూ మాంటులీ దాన్ని పుట్టించాడు. ఒక్కోదానికి 4 కిలోబైట్లకు మించి చోటు ఉండదు. మీకేమో దాదాపు 5 మెగాబైట్లు. పైగా దానికి చాదస్తం. బొమ్మ అడిగినా, స్టైల్‌షీట్ అడిగినా సర్వర్ దాకా వెంటపడి వెళ్తుంది. పెట్టేటప్పుడు సెక్యూరా (హెచ్‌టీటీపీఎస్ మీదే వెళ్లాలా), హెచ్‌టీటీపీ ఓన్లీనా (జావాస్క్రిప్ట్‌కు కనపడకూడదా), సేమ్‌సైట్ ఏమిటి (వేరే సైటు నుంచి వచ్చే రిక్వెస్టులతో వెళ్లాలా) అంటూ మనమే అన్నీ తేల్చాలి. మీరు ఏమీ అడగరు. ఏది ఇచ్చినా స్ట్రింగ్ చేసి దాచుకుంటారు. యూజర్ వివరాలున్న ఆబ్జెక్టును జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చకుండా ఇచ్చామా, తిరిగి అడిగితే "ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్" అని రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు.

ఇక మీ దానగుణం! పేజీలో నడిచే స్క్రిప్టు ఏది అడిగినా కాదనరు. అది మేం రాసిందా, చాట్ విడ్జెట్ కోసం ఎక్కడినుంచో తెచ్చిందా, శుభ్రం చేయని ఇన్‌పుట్‌లోంచి దూరిన దొంగదా అన్న తేడా మీకు లేదు. టోకెన్ తీసి చేతిలో పెట్టేస్తారు. హెచ్‌టీటీపీ ఓన్లీ కుకీ అయితే జావాస్క్రిప్ట్‌కు మొహం కూడా చూపించదు. దొంగ పేజీలో ఉన్నంతసేపు యూజర్ పేరుమీద రిక్వెస్టులు పంపగలడు, అది వేరే తలనొప్పి. కానీ టోకెన్ జేబులో వేసుకుని పోలేడు.

యూజర్ లింకును కొత్త ట్యాబ్‌లో తెరిస్తే మీరు మొహం చాటేస్తారు. మళ్లీ లాగిన్. అదే ట్యాబ్‌ను డూప్లికేట్ చేస్తే మాత్రం ఉన్నదంతా కాపీ కొట్టి ఇస్తారు, ఆపై ఎవరి దారి వారిది. ఒకదాంట్లో లాగౌట్ నొక్కి మీలోంచి టోకెన్ చెరిపేసినా, రెండోదాంట్లో అది నిక్షేపంగా ఉంటుంది. ట్యాబ్‌ల మధ్య మీరు కట్టిన గోడకు కన్నం పెట్టడానికి ఒక ట్యాబ్ కబురు మరోదానికి చేర్చే బ్రాడ్‌కాస్ట్ ఛానెల్‌తో కోడు రాసి, దానికి ఆర్కిటెక్చర్ అని పేరు పెట్టుకున్నాం.

మీ వల్ల మరో భ్రమ కూడా పుట్టింది. "కుకీలు తీసేశాం కాబట్టి అనుమతి బ్యానర్ అక్కర్లేదు" అనేవాళ్లు ఎక్కువయ్యారు. యూరప్ ఈ-ప్రైవసీ నిబంధన, 2009 సవరణ తర్వాత కూడా, యూజర్ పరికరంలో సమాచారం దాచడం గురించే మాట్లాడుతుంది. యూజర్ అడిగిన సేవకు తప్పనిసరైతే మినహాయింపు కుకీకీ ఉంది, మీకూ ఉంది. ట్రాకింగ్‌కు వాడితే ఇద్దరికీ లేదు.

ఒక్క విషయంలో మీదే పైచేయి. మీరు మీ అంతట మీరు సర్వర్‌కు వెళ్లరు కాబట్టి, వేరే సైటు మోసపు ఫారంతో మిమ్మల్ని ఈడ్చుకెళ్లడం కుదరదు. కుకీకి ఆ జబ్బుంది. అందుకే 2020లో క్రోమ్, వేరే సైటు నుంచి వచ్చే చాలా రిక్వెస్టులతో కుకీని పంపని సేమ్‌సైట్ ల్యాక్స్‌ను డిఫాల్ట్ చేయడం మొదలుపెట్టింది.

కాబట్టి వచ్చే రిలీజ్‌లో టోకెన్ కుకీలోకి వెళ్తోంది. సగం నింపిన దరఖాస్తు, లిస్టులో పెట్టిన ఫిల్టర్లు మీ దగ్గరే ఉంటాయి. రెండు ట్యాబ్‌లలో రెండు దరఖాస్తులు తెరిచినా ఒకదాని అంకెలు రెండోదాంట్లోకి పోనివ్వరు. ఆ పని కుకీకి అప్పజెబితే రెండూ కలిపేస్తుంది.

ఇట్లు,
మీ పేరు చెప్పుకుని కోడ్ రివ్యూ గట్టెక్కిన ఒక డెవలపర్