ఐదు వేల గీత కింద సైకిల్

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పెద్దాయన సైకిల్ పోయింది. అదే నెలలో నాదీ పోయింది. నాది తొమ్మిదో రోజు దొరికింది, ఆయనది ఇంతవరకూ లేదు. రెండూ అనంతపురంలో, రెండు కిలోమీటర్ల లోపే పోయాయి. ఒకటి దొరికి ఇంకోటి దొరకకపోవడానికి కారణం వెతికితే దొంగల సంగతి తక్కువగానూ, మన సంగతి ఎక్కువగానూ తెలిసింది.

నాది గేర్ల సైకిల్, సెకండ్ హ్యాండ్‌లో 14,000 పెట్టి కొన్నాను. ఒక ఆసుపత్రి బయట కేబుల్ తాళం వేసి లోపలికి వెళ్లాను. అరగంటకు వచ్చి చూస్తే తెగిన తాళం మాత్రం కింద పడి ఉంది. ఆ సన్న కేబుల్‌కి కటింగ్ ప్లేయర్ చాలని అప్పుడే తెలిసింది. సైకిల్‌కి 14,000 పెట్టినవాణ్ణి తాళానికి 150తో సరిపెట్టాను మరి.

పొద్దున ఐదున్నరకు ఆర్ట్స్ కాలేజీ దగ్గర కలిసి బళ్లారి రోడ్డు మీదో, బుక్కరాయసముద్రం చెరువు వైపో తొక్కే పాతిక మందిమి ఉన్నాం. అందులో నేను ఆదివారం సభ్యుణ్ణి. పోయిన సంగతి వాట్సాప్ గ్రూపులో పెడితే వెంటనే రెండు ప్రశ్నలు వచ్చాయి. ఫొటో ఉందా? ఫ్రేమ్ నంబరు ఉందా? ఫొటోలు నలభై దాకా ఉన్నాయి. అన్నిట్లోనూ నేనే ఉన్నాను, సైకిల్ హ్యాండిలో ఒక చక్రమో కనబడుతోంది. ఫ్రేమ్ నంబరు అనేది ఒకటుంటుందని విన్నానే గానీ ఏనాడూ చూసిన పాపాన పోలేదు. నాకు సైకిల్ అమ్మిన లెక్చరర్ గారు పాత బిల్లు ఫోన్‌లో దాచుకుని ఉండబట్టి నంబరు దొరికింది. నా అదృష్టం అక్కడే సగం తేలిపోయింది.

మిగతా సగం పంచర్ షాపులది. గ్రూపులో ఒక్కొక్కరూ తాము మామూలుగా వెళ్లే షాపుకి ఫొటో తీసుకెళ్లి చూపించారు. పాతూరు, గుల్జార్‌పేట, కమలానగర్, రాప్తాడు పోయే దారి. తొమ్మిదో రోజు పాతూరు షాపాయన ఫోన్ చేశాడు. రంగు మారింది, స్టిక్కర్లు గీకేశారు, సీటు మార్చారు. అయినా ఎలా గుర్తుపట్టావన్నా అంటే ఆయన చెప్పింది ఇది: "బండిని చూసి గాదు సార్, ఎనక చక్రం చూసి పట్టినా. స్పోకులన్నీ నలుపు, రెండు మాత్రం తెలుపు. ఆ రెండూ నేనేసినవే."

సైక్లింగ్ గ్రూపుల గురించి రాసేవాళ్లు ఎక్కువగా వాళ్ల చొరవనీ, ధైర్యాన్నీ, ఛేజింగ్ కథల్నీ చెబుతారు. నా అనుభవంలో వాళ్ల అసలు బలం అది కాదు. ఊళ్లో పంచర్ షాపు ఎక్కడుందో, ఏ మెకానిక్ చేతిలో ఏ బండి పడుతుందో వాళ్లకు తెలుసు. దొంగ సైకిల్ కూడా ఎప్పుడో ఒకప్పుడు గాలి కోసం ఆగాల్సిందే.

పోయిన ఫోన్‌తో పోల్చి చూడండి. అనంతపురం జిల్లా పోలీసులు పోయిన ఫోన్ల కోసం వాట్సాప్ చాట్‌బాట్ పెట్టి, వేల సంఖ్యలో వెతికి తెచ్చి మేళాలు పెట్టి మరీ పంచారు. ఇక 2023 మే నుంచి సంచార్ సాథీ పోర్టల్ దేశమంతటికీ వచ్చింది. 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఇస్తే ఫోన్‌ని బ్లాక్ చేస్తారు, ఎవరైనా అందులో సిమ్ వేస్తే జాడ తెలుస్తుంది. అంటే ఫోన్ తన ఆచూకీ తానే చెబుతుంది. సైకిల్‌కీ నంబరుంది. చాలా సైకిళ్లకు పెడల్ ఇరుసు తిరిగే గొట్టం అడుగున, కొన్నింటికి సీటు కింది గొట్టం మీద గుద్ది ఉంటుంది. కానీ అది ఎక్కడా నమోదు కాదు. మామూలు సైకిల్ షాపు బిల్లు మీద "సైకిల్ - 1" అని రాసి ధర వేసి ఇస్తే అదే ఎక్కువ.

ఒకప్పుడు ఇలా లేదు. సైకిల్‌కి మునిసిపాలిటీ పన్ను కట్టాలి, కట్టినందుకు నంబరున్న బిళ్ల ఇచ్చేవాళ్లు, అది బండికి తగిలించుకోవాలి. బిళ్ల లేదనీ, రాత్రి లైటు లేదనీ ఆపి జరిమానా రాసేవాళ్లని మా నాన్న తరంవాళ్లు ఇప్పటికీ తిట్టుకుంటారు. పేదవాడి బండి మీద పన్నేమిటని అది పోయింది, పోవలసిందే. కాకపోతే పన్నుతో పాటు ఆ నంబరూ పోయింది. జపాన్‌లో పన్ను లేకుండానే నంబరు ఉంచుకున్నారు. అక్కడ సైకిల్ కొన్నప్పుడే దొంగతనాల నివారణ కోసం రిజిస్టర్ చేయించి స్టిక్కర్ అంటించుకోవాలి. 1994 నుంచి అది చట్టం. రోడ్డు మీద పోలీసు ఆపి ఆ నంబరు చూస్తే బండి ఎవరిదో అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు వాచ్‌మన్ పెద్దాయన సంగతికి వస్తాను. ఆయనది నల్ల హీరో సైకిల్, పదేళ్ల పైనే వాడాడు. ఈరోజు అమ్మితే 2,000 కూడా రాదు. కంప్లైంట్ ఇద్దామని నేను వెంట వెళ్లాను. స్టేషన్‌లో మర్యాదగానే మాట్లాడారు, కాగితం తీసుకున్నారు. కానీ కేసు కట్టలేదు. అది స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే రైటర్ బద్ధకమని అనుకుని మొదట కోపం తెచ్చుకున్నాను. తర్వాత చట్టం చదివితే ఆయన తప్పేమీ లేదని అర్థమైంది.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దొంగతనానికి సెక్షన్ 303(2), మూడేళ్ల దాకా జైలు. అందులోనే కొత్తగా ఒక వెసులుబాటు పెట్టారు. పోయిన సొత్తు విలువ 5,000 లోపు ఉండి, దొంగకు అది మొదటిసారి అయి, సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే శిక్ష సామాజిక సేవ మాత్రమే. ఇంతవరకూ మంచి ఆలోచనే. ఆకలికో తాగుడుకో ఒక పాత సైకిల్ ఎత్తుకుపోయినవాణ్ణి జైల్లో పెట్టి అసలు దొంగల మధ్య కూర్చోబెట్టడం కంటే పార్కు ఊడిపించడం మేలు. చిక్కు ఎక్కడుందంటే, పోలీసులూ కోర్టులూ కేసు ఎలా నడపాలో చెప్పే నాగరిక్ సురక్షా సంహిత షెడ్యూల్‌లో ఈ 5,000 లోపు దొంగతనాన్ని నాన్-కాగ్నిజబుల్ అన్నారు. అంటే స్టేషన్‌లో పుస్తకంలో రాసుకుని మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లమని చెబుతారు. మెజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి లేదు. ఇంకో విడ్డూరం ఏమిటంటే, దొంగకు ఇది మొదటిసారా పదోసారా అన్నది దొంగ దొరికితే గదా తెలిసేది!

దొంగ మీద దయ చూపించబోయి సైకిల్ పోయినవాణ్ణి గాలికి వదిలేశారు. సైకిల్ వెతికిపెట్టమని కోర్టు మెట్లెక్కే వాచ్‌మన్ ఉంటాడా? ఒక రోజు సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. విలువను మార్కెట్ ధరతో కొలవడమే ఇక్కడ అసలు లోపం. ఆయన ఇల్లు రెండు డ్యూటీ చోట్లకీ నాలుగేసి కిలోమీటర్లు. ఇప్పుడు షేర్ ఆటోకి రోజుకు 40 అవుతోంది, నెలకు 1,200. రెండు నెలల్లో ఆటోలకు పెట్టింది ఆ సైకిల్ ధర దాటిపోతుంది. నా 14,000 సైకిల్ పోయి తొమ్మిది రోజులు నాకు జరిగిన నష్టం ఏమిటంటే, వ్యాయామం తప్పింది. కొంచెం టెన్షన్ పడ్డాను. అంతే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 100 ఇళ్లలో 45 ఇళ్లకు సైకిల్ ఉంది. వాటిలో గేర్ల సైకిళ్లు ఎన్నుంటాయి? పాలవాళ్లు, పూలు అమ్మేవాళ్లు, బేల్దారి కూలీలు, బడికొస్తా పథకంలో సైకిల్ అందుకున్న ఆడపిల్లలు, వీళ్ల బండ్లన్నీ ఐదు వేల గీత కిందివే. పోలీసులకు చేతులు కట్టేసిన చోట ఊరి కళ్లే దిక్కు. మరి ఆ కళ్లు ఎవరికోసం చూస్తున్నాయి? పెద్దాయన సైకిల్ ఫొటో కూడా మా గ్రూపులో పెట్టాను. రెండు దండాలు, ఒక విచారం బొమ్మ వచ్చాయి, ఆపైన సంభాషణ ఆదివారం టిఫిన్ ఎక్కడ అన్నదానికి మళ్లింది. వాళ్లని తప్పుపట్టే ముందు నన్ను నేనే అడిగాను: బజారులో వంద నల్ల హీరో సైకిళ్లుంటే అందులో ఆయనది ఏదో నేను చెప్పగలనా? చెప్పలేను. మా గ్రూపులో వాళ్లు టైరు చూసి సైకిల్ ధర చెప్పేస్తారు, అది గేర్ల సైకిల్ అయితే. నల్ల సైకిల్ మా కంటికి అసలు ఆనదు.

పాతూరు షాపాయనకు ఆనుతుంది. అయితే పెద్దాయన పంచర్ వేయించేది పాతూరులో కాదు, ఆయన వేయించే షాపు ఎక్కడో నేను అడగడానికే వారం పట్టింది. పాత సైకిల్ విషయంలో వారం అంటే చాలా ఎక్కువ. గేర్ల సైకిల్‌ని దొంగ ఎవరికైనా అమ్ముదామని చూస్తాడు, ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు, కాబట్టి అది బండిగా బతికే ఉంటుంది. నల్ల సైకిల్ 20 కిలోల దాకా తూగుతుంది. పాత ఇనుప సామాను కొట్టుకి వెళ్లి కోసేశారంటే ఇక ఏ నంబరూ లేదు, ఏ స్పోకూ లేదు. అందుకే మొదటి రెండు రోజుల్లోనే పంచర్ షాపులకీ, పాత సామాను కొట్లకీ మాట వెళ్లాలి. ఆ పని పాతిక మంది గ్రూపుకి ఒక సాయంత్రం పని.

దొరికాక ఏం జరిగిందో కూడా చెప్పాలి. నా సైకిల్ తెచ్చినవాడు దొంగ కాదు, బేల్దారి పనికి పోయే మనిషి. వైన్ షాపు దగ్గర ఎవరో అమ్మితే 1,200కి కొన్నానన్నాడు. మావాళ్లలో ఇద్దరు కుర్రాళ్లు అప్పటికే ఫోన్‌లో ఆయన ముఖం ఫొటో తీసి 'దొంగ దొరికాడు' అని పెట్టేశారు. పెద్దవాళ్లు తిట్టి తీయించారు గానీ ఈలోపు ఎన్ని ఫోన్లలోకి పోయిందో ఎవరికి తెలుసు. ఒకేలాంటి సైకిళ్లు ఊళ్లో వందలుంటాయి. నంబరు కలవకుండా మనిషి మీద పడితే రేపు మన మీదే కేసు. మేము చేసిన ఒక్క సరైన పని స్టేషన్‌కి ఫోన్ చేసి, కానిస్టేబుల్ వచ్చేదాకా టీ తాగుతూ ఆయన్ను కూర్చోబెట్టడం. నంబరు కలిసింది, సైకిల్ స్టేషన్‌కి వెళ్లింది. దొంగ దగ్గర కొన్నవాడికి చట్టంలో హక్కు రాదు గనక ఆయన 1,200 పోయింది. ఆ డబ్బు నేనిచ్చి ఉండాల్సిందేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇవ్వలేదు.

స్టేషన్ నుంచి నా చేతికి రావడానికి నెలన్నర పట్టింది. కేసు సొత్తును స్టేషన్లలో తుప్పు పట్టనీయవద్దని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులోనే చెప్పింది. కొత్త చట్టంలోనూ కోర్టు ముందుకొచ్చిన సొత్తుకు 14 రోజుల్లో వివరాలు రాసి ఫొటో తీయించి, ఆపైన 30 రోజుల్లో ఏం చేయాలో తేల్చాలని ఉంది. ఏ స్టేషన్ ఆవరణలోనైనా వేపచెట్టు కింద చూడండి, ఆ మాట ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది.

ఈ మధ్యలో ఒకాయన తగిలాడు. 2,000 ఇస్తే పెద్దాయన సైకిల్ రెండు రోజుల్లో తెప్పిస్తానన్నాడు. మన సీమ పల్లెల్లో ఎద్దులు పోయినప్పుడు ఇలాంటి మధ్యవర్తులు రావడం పాతతరం ఎరిగిందే. దొంగను పట్టించే ప్రయత్నమేమీ చేయకుండా, సొత్తు తెప్పిస్తానని డబ్బు తీసుకోవడం న్యాయ సంహిత 252వ సెక్షన్ కింద నేరం. ఆ మాట చెప్పేసరికి ఆయన మళ్లీ కనబడలేదు.

పెద్దాయనకు గ్రూపులో చందా వేసి పాత సైకిల్ ఒకటి కొనిచ్చాం, అదీ నల్లదే. మొన్న ఆదివారం రైడ్ మానేసి సెల్లార్‌లో దాన్ని తలకిందులు చేశాం. పెడల్ గొట్టం అడుగున గ్రీజు, మట్టి, మీద రెండు పూతల రంగు. పెద్దాయన రూపాయి బిళ్లతో గీకుతుంటే నేను ఫోన్ లైటు పట్టుకున్నాను. ఒక్కొక్క అంకే పైకి వచ్చింది. చివరిది మూడో ఎనిమిదో ఎంత గీకినా తేలలేదు. రెండూ రాసుకున్నాం.