శ్రీ ఎక్సెప్ట్-పాస్ గారి సముఖానికి

అయ్యా,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరున్న ప్రోగ్రామ్‌లో కుశలం కానిదెప్పుడు గనక!

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తమరివి రెండే లైన్లు. ‘ట్రై’ కింద ఫైలు తెరిచే కోడు, ఆపైన ‘ఎక్సెప్ట్’, అంటే తప్పు వస్తే పట్టుకో అని, దాని కింద ‘పాస్’, అంటే ఏమీ చేయకుండా సాగిపో అని. ఫైలు లేదా? లేకపోతేనేం. తెరిచే అనుమతి లేదా? పోనిద్దురూ. ఫైలనుకున్నది ఫోల్డరా? అయితే అయింది.

జాలిపడాల్సింది పైథాన్ డెవలపర్ ఆంత్వాన్ పిత్రూ గారి గురించి. ఒకప్పుడు ఫైలు తేడా కొడితే నంబరు చూసి తెలుసుకోవాల్సి వచ్చేది: 2 అయితే ఫైలు లేదని, 13 అయితే అనుమతి లేదని. ఆయన ప్రతిపాదన వల్ల 2012లో, పైథాన్ 3.3తో, ఒక్కో తప్పుకీ ఒక్కో పేరు వచ్చింది: ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్, పర్మిషన్‌ఎర్రర్, ఇజ్‌ఎడైరెక్టరీఎర్రర్. ఇంత బారసాల జరిగినా, తమరు ఒక్కరినీ పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు.

పిలవని పేరంటానికి వెళ్ళడం కూడా తమకు అలవాటే. ఫైలు తప్పుల కోసం కూర్చోబెడితే, వేరియబుల్ పేరులో అక్షరం తప్పుపోయినా తమరే కాజేస్తారు. లూపులో కూర్చుంటే ఇక చెప్పక్కర్లేదు. కంట్రోల్-సి నొక్కి ప్రోగ్రామ్‌ని ఆపబోతే అదీ గుటుక్కుమంటుంది. ఆ ఒక్కటైనా మామూలు ఎక్సెప్షన్ల, అంటే పైథాన్ లేవనెత్తే తప్పుల, గుంపులో చిక్కకూడదని 2006లోనే, 2.5 వెర్షన్‌లో, దాన్ని వేరుగా పెట్టారు. పేరూ ఊరూ అడగని తమకు ఆ గోడ అడ్డమా?

ఇక తెలుగు విషయంలో తమ సేవ ప్రత్యేకం. ఇంగ్లిష్ విండోస్ మెషిన్‌లో, ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి, ఏదో చెప్పకుండా యూటీఎఫ్-8 పద్ధతిలో రాసిన తెలుగు ఫైలు తెరిస్తే, పైథాన్ ఇన్నాళ్ళూ దాన్ని ఇంగ్లిష్ లాంటి భాషల కోసం చేసిన సీపీ-1252 పట్టికతో చదవబోయేది. అందులో కొన్ని గళ్ళు ఖాళీ. మన కొమ్ముకి మూడో బైటు హెక్స్‌లో 81, పొల్లుకి 8డి. రెండూ ఆ ఖాళీ గళ్ళే. కాబట్టి ఫైలులో ‘సీత’ ఒక్కతే ఉంటే పిచ్చి గుర్తులుగానైనా లోపలికొస్తుంది. ‘రాముడు’ వచ్చాడో, యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్. ‘అమ్మ’ అన్నా అంతే. అది ఫైలు తప్పుల వంశం కూడా కాదు, వాల్యూఎర్రర్ సంతానం. ఫైలు తప్పుల వంశకర్త ఓఎస్‌ఎర్రర్‌ని మాత్రమే పట్టుకునే మర్యాదస్తుల కోడులో అది బయటపడి గోల చేస్తుంది, ఎవరో ఒకరు ఎన్‌కోడింగ్ రాస్తారు. తమ దగ్గర గోల లేదు. జాబితా ఖాళీగా వస్తుంది, రిపోర్టులో ‘రికార్డులు: 0’ అని అచ్చవుతుంది. ఈ ఊళ్ళో రాముళ్ళే లేరు కాబోలనుకుంటాం.

డిస్కు నిండినప్పటి చాకచక్యం మరీ గొప్పది. రాయడానికని ‘డబ్ల్యూ’ మోడ్‌లో తెరిచిన క్షణమే పాత ఫైలు తుడిచిపెట్టుకుపోతుంది. కొత్త డేటా కాస్తే అయితే డిస్కుకి వెళ్ళకుండా మెమరీలోని బఫర్‌లో కూర్చుంటుంది, రాసేశామన్నట్టే ఉంటుంది. ఫైలు మూసేటప్పుడు చోటు లేదని 28వ నంబరు తప్పు వస్తుంది. తమరు ఊరుకుంటారు. నిన్నటి లెక్క పోయింది, ఇవాళ్టిది పడలేదు, స్క్రీన్ మీద మాత్రం ‘విజయవంతంగా సేవ్ అయింది’.

తప్పు నిజంగా పట్టించుకోనక్కర్లేని సందర్భాలు లేవనను. తుడిచేయాల్సిన టెంపరరీ ఫైలు ముందే లేకపోతే మంచిదే. అలాంటి వాటికని 2014లో, 3.4తో, పైథాన్‌తోపాటు వచ్చే కాంటెక్స్ట్‌లిబ్ అనే లైబ్రరీలోకి సప్రెస్ గారొచ్చారు. ఆయనా నోరు మూయించే వృత్తిలోనే ఉన్నారు, కానీ ఎవరి నోరో ముందు చెప్పమంటారు. అంత ఛాదస్తం తమకెందుకు.

జవాబు రాసే శ్రమ వద్దు. మొన్న రాత్రి జాబ్‌లో మింగిన ట్రేస్‌బ్యాక్, అదే తప్పెక్కడ జరిగిందో చెప్పే చిట్టా, ఇంకా అరగకపోతే పంపగలరు. చివరి లైనొక్కటే చాలు.

ఇట్లు,
తమరు రాత్రి నడిపిన స్క్రిప్టుకి పొద్దున సంజాయిషీ ఇచ్చుకునే వాడు