పాత ఫ్లాట్‌కి ధర పెంచేది రంగు కాదు, స్లాబు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ముప్ఫై ఏళ్ల నాటి ఇల్లు అమ్మకానికి పెడితే వచ్చేవాళ్లు ముందు అడిగేది గజం ఎంత అని. తర్వాత ఫేసింగ్, రోడ్డు వెడల్పు, నల్లా నీళ్లా బోరు నీళ్లా. ఎండాకాలం గదులు ఎలా ఉంటాయి, కరెంటు బిల్లు ఎంతొస్తుంది అని అడిగేవాళ్లు తక్కువ. అందుకే ‘కరెంటు ఆదా చేసే మార్పులు చేయించండి, ఇంటి ధర పెరుగుతుంది’ అనే సలహాని మన ఊళ్లలో కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు.

డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయబోయే ఇండిపెండెంట్ ఇంటికి ఎంత ఖర్చు పెట్టినా వృథాయే. బిల్డర్ చూసేది స్థలాన్ని, రేపు కూలగొట్టే గోడల్ని కాదు. తొంభైల్లో కట్టిన అపార్ట్‌మెంట్ల సంగతి వేరు. ఓనర్లందరూ ఒక మాట మీదికి వస్తే తప్ప వాటిని కదిలించలేరు, ఆ మాట ఎప్పుడు కుదురుతుందో తెలిసిందే! అంటే ఆ బిల్డింగు ఇంకా చాలా ఏళ్లు అలాగే ఉంటుంది, అందులో ఎవరో ఒకరు కాపురం ఉంటారు. పెట్టిన డబ్బుకి ఫలితం దక్కేది అక్కడే.

అందులోనూ పై అంతస్తులో. మే నెలలో పగలంతా కాగిన స్లాబు రాత్రి భోజనాలు అయ్యాక కూడా గదిలోకి వేడి దించుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే తిరిగేది ఆ వేడి గాలే. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పూతో, తెల్ల టైల్స్ ముక్కలో వేయిస్తే ఎండలో చాలా భాగం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది.

పూత డబ్బా కొనేముందు చూడాల్సింది డాబా వాటం. నీళ్లు గొట్టం వైపు జారకుండా మధ్యలో నిలుస్తుంటే ఎంత ఖరీదైన పూతైనా రెండు వానాకాలాలకి పొరలుగా లేస్తుంది. కింద చెమ్మ అలాగే ఉంటుంది, లోపల చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, సీలింగ్ పెచ్చులూడుతుంది. ఇల్లు చూడటానికి వచ్చిన పెద్దాయన సీలింగులో ఒక్కచోటే తెల్లగా మెరుస్తున్న కొత్త పుట్టీని చూసి ‘ఇక్కడ కారుతోందా అండీ?’ అన్నాడంటే, అక్కడి నుంచి బేరం ఆయన చేతిలోకి వెళ్లినట్టే. లీకేజీ మాన్పించడం ఇంటి విలువకి ఎంత అవసరమో ఒంటికీ అంతే అవసరం. చెమ్మ గోడకి పట్టే బూజు ఆస్తమా ఉన్నవాళ్లని ఊపిరి తిప్పుకోనివ్వదు.

ఆరోగ్యం పేరుతో చేయించే పనే ఆరోగ్యాన్ని చెడగొట్టే సందర్భమూ ఉంది. ఇళ్లకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కిటికీలకి, గ్రిల్స్‌కి పొర మీద పొరగా వేసిన ఎనామెల్‌లో ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. దాన్ని పొడిగా ఎమెరీ కాగితంతో రుద్దితే ఆ దుమ్ము నేల మీద పాకే పిల్లల నోట్లోకి వెళ్తుంది. తడిపి రుద్దించాలి, పని అయ్యేదాకా పిల్లల్ని వేరేచోట ఉంచాలి. ఆస్‌బెస్టాస్ రేకులు కోసేటప్పుడు, పగలగొట్టేటప్పుడు ఇంకా ప్రమాదం.

ఫ్యాన్ల లెక్క తేలిక. పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు తింటే తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్‌కి 30 చాలు. రోజుకి పదిహేను గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద నెలకి 20 యూనిట్లు మిగులుతాయి, నాలుగు ఫ్యాన్లకి 80. తెలంగాణలో ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తించే కుటుంబానికి 200 యూనిట్ల గీత దాటితే జీరో బిల్లు పోతుంది కాబట్టి ఈ 80 యూనిట్ల విలువ ఇంకా ఎక్కువ. సోలార్‌కి పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ ఉంది, కానీ అపార్ట్‌మెంట్‌లో డాబా అందరిదీ. అసోసియేషన్ మీటింగ్‌లో ఆ టెన్షన్ పడే ఓపిక ఉన్నవాళ్లకే అది.

అద్దె ఇంట్లో అసలు చిక్కు ఏమిటంటే, ఖర్చు ఓనర్‌ది, తగ్గేది కిరాయిదారు బిల్లు. అందుకే చాలామంది ఓనర్లు రంగు వేయించి ఊరుకుంటారు. నా ఉద్దేశంలో వాళ్ల లెక్క సగమే. ప్రతి వేసవికీ ఖాళీ అయ్యే పై అంతస్తు ఫ్లాట్‌కి పోయే అద్దె ముందు కూల్ రూఫ్ ఖర్చు పెద్దదేం కాదు.

బ్యాంకు వాల్యూయర్ మాత్రం బిల్డింగు వయసు చూసి తరుగు తీసేస్తాడు, ఈ మార్పులకి ఆయన ఫారంలో గడి ఉండదు. ఫ్యాన్‌కి, ఫ్రిజ్‌కి స్టార్లు తప్పనిసరి. ఇళ్లకీ స్టార్ లేబుల్ పథకాన్ని, ఆ స్టార్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ 2019లో తెచ్చింది గానీ అది ఇష్టమైనవాళ్లకే. బ్రిటన్‌లో ఇంటి ఇంధన వాడకం ఎలా ఉందో చెప్పే ఎనర్జీ సర్టిఫికెట్ లేకుండా ఇల్లు అమ్మకానికి పెట్టరు. ఇక్కడ కూడా కనీసం రీసేల్ ఫ్లాట్లకి అలాంటి కాగితం తేవాలి. అది వచ్చేదాకా అమ్మేవాళ్లు పని చేయించక ముందు ఏడాది, చేయించాక ఏడాది కరెంటు బిల్లులు, వాటర్‌ప్రూఫింగ్ గ్యారంటీ కాగితం ఒక ఫైల్లో పెట్టుకోవాలి. ఇల్లు చూపించడానికి జనవరి ఉదయం కాకుండా ఏప్రిల్ మధ్యాహ్నం మూడింటికి రమ్మనాలి.