పెట్ డాక్టర్ల చదువు డిగ్రీతో ఆగిపోతే నష్టపోయేది మూగజీవాలే

వర్ధమాన దేశాల్లో వెటర్నరీ కాలేజీల సిలబస్ ఎక్కువగా పాడి పశువులు, గొర్రెలు, కోళ్ల చుట్టూనే తిరుగుతుంది. రైతు బతుకు వాటి మీద ఆధారపడి ఉన్నప్పుడు అందులో తప్పేమీ లేదు. కానీ ఈలోగా ఊళ్లు పెరిగాయి, ఇళ్లల్లో కుక్కలూ పిల్లులూ పెరిగాయి. అదే కాలేజీలో చదువుకుని క్లినిక్ తెరిచిన కుర్ర డాక్టరు దగ్గరికి ఇప్పుడు వచ్చేది ఆవు కాదు, మూత్రం బిగుసుకుపోయి రాత్రంతా మూలిగిన మగపిల్లి. రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండె ఏ క్షణంలోనైనా ఆగిపోవచ్చు. ముందు గుండెను కాపాడుకోవాలా, గొట్టం వేయాలా, మత్తు ఎంత ఇవ్వాలి? ఇవన్నీ ఆ డాక్టరు కాలేజీలో ఒకటి రెండు క్లాసుల్లో విని ఉంటాడు, చేత్తో చేసి ఉండడు. మిగతాది డిగ్రీ తర్వాతే నేర్చుకోవాలి. ఎక్కడ నేర్చుకోవాలి, ఎవరి దగ్గర నేర్చుకోవాలి అన్నదానికి మాత్రం చాలా దేశాల్లో సరైన జవాబు లేదు.

నిరంతర విద్య పేరుతో ఇప్పుడు జరుగుతున్నది చూడండి. పెద్ద నగరంలో ఒక హోటల్ హాలు, విదేశం నుంచి వచ్చిన నిపుణుడు, ఎమ్మారై ఫొటోలతో నిండిన స్లైడ్లు, సాయంత్రానికి సర్టిఫికెట్. ఒక్కడే క్లినిక్ నడుపుకునే డాక్టరు ఆ రోజు షట్టర్ మూసి, ఆదాయం పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని రావాలి. అందుకే ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లే రాలేరు. వచ్చినవాళ్లు కూడా ఎమ్మారై లేని తమ క్లినిక్‌కి తిరిగి వెళ్లి మర్నాడు ఎప్పటి మందే రాస్తారు. ఖర్చు చాలాసార్లు మందుల కంపెనీయో ఫుడ్ కంపెనీయో భరిస్తుంది. వాళ్ల డబ్బు అసలు వద్దని నేను అనను, అది లేకపోతే చాలాచోట్ల ఆ ఒక్క సభ కూడా ఉండదు. కానీ ఏ విషయం చెప్పాలో డాక్టర్లే నిర్ణయించుకోవాలి. ఏ మందు వాడకూడదో, ఎప్పుడు ఆపేయాలో చెప్పే క్లాసుకి స్పాన్సర్ దొరకడం కష్టం. మనకు ఎక్కువ అవసరమైన క్లాసు అదే.

దీనికి మందుగా చాలామంది గంటల లెక్క చెబుతున్నారు. బ్రిటన్‌లో పశువైద్యులు ఏడాదికి 35 గంటలు చదువుకోవాలన్న నిబంధన ఉంది కదా, మనమూ పెడదాం అంటారు. అక్కడ నేర్చుకోవడానికి వంద దారులున్నాయి, కాబట్టి ఆ నిబంధనకు అర్థముంది. నేర్పే ఏర్పాటు లేని చోట గంటలు తప్పనిసరి చేస్తే పెరిగేది సర్టిఫికెట్ల వ్యాపారమే. పైగా సభలో కూర్చుంటే వైద్యం మారుతుందన్న నమ్మకమే అంత గట్టిది కాదు. మనుషుల డాక్టర్లు, ఇతర వైద్య సిబ్బంది మీద జరిగిన 81 అధ్యయనాలను, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2009లో కలిపి చూసింది. సమావేశాలు, వర్క్‌షాపుల వల్ల వాళ్ల పద్ధతిలో వచ్చిన మెరుగుదల మధ్యస్థంగా 6 శాతం. ఉత్త ఉపన్యాసంతో సరిపెట్టకుండా చర్చ, ప్రాక్టీసు కలిపిన చోట ఫలితం ఇంకాస్త మెరుగు.

మరి ఏం నేర్పాలి? ఖరీదైన మెషిన్లు అక్కర్లేని విషయాలే బోలెడున్నాయి. పిల్లి నొప్పినే తీసుకోండి. కుక్క అరుస్తుంది, పిల్లి దాక్కుంటుంది. ఆపరేషన్ అయ్యాక బోనులో ముడుచుకుని కదలకుండా పడుకుంటే బాగానే ఉంది, పాపం నిద్రపోతోంది అనుకుని వదిలేస్తారు. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో పిల్లి ముఖం చూసి నొప్పి అంచనా వేసే పద్ధతి ఒకటి ప్రచురించారు. చెవులు పక్కకు తిరిగాయా, కళ్లు సగం మూసిందా, మూతి బిగిసిందా, మీసాలు నిటారుగా ఉన్నాయా, తల భుజాల కంటే కిందికి వాలిందా అని ఐదు చూడాలి. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు. మొత్తం పదికి నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నొప్పి మందు ఇవ్వాల్సిందే. దీనికి కావాల్సింది కళ్లు, ఒకట్రెండు నిమిషాలు. ఒక పూట ఫొటోలు చూపించి, పక్కనే బోనులో ఉన్న పిల్లికి మార్కులు వేయిస్తే డాక్టరే కాదు, కాంపౌండరు కూడా నేర్చుకుంటాడు. ఆ పూట తర్వాత ఆ క్లినిక్‌లో ఎన్ని పిల్లులు నొప్పి లేకుండా ఇంటికెళ్తాయో ఆలోచిస్తేనే నాకు ఈ విషయం మీద గొంతు పెంచి మాట్లాడాలనిపిస్తుంది.

రెండోది పిడుదుల జ్వరం. వేడి దేశాల్లో కుక్కకి జ్వరం, నీరసం, చిగుళ్లు పాలిపోవడం కనిపిస్తే చాలు, పరీక్ష లేకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాసేయడం అలవాటైపోయింది. జబ్బుకి కారణం ఎర్లీకియా అనే బ్యాక్టీరియా అయితే ఆ మందు పనిచేస్తుంది, సాధారణంగా నాలుగు వారాలు వాడతారు. బబీసియా అయితే అది బ్యాక్టీరియా కాదు, ఎర్ర రక్తకణాల్లో దూరే పరాన్నజీవి. డాక్సీసైక్లిన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే అది పోదు, కుక్క రోజురోజుకీ పాలిపోతుంది. చెవి అంచున చిన్నగా గుచ్చి ఒక రక్తం చుక్కని స్లైడు మీద పలచగా పరిచి, రంగు వేసి, ఆయిల్ లెన్స్ కింద చూస్తే చాలాసార్లు బబీసియా కనిపిస్తుంది. కనిపించకపోతే లేదని కాదు, అది కూడా నేర్పాలి. అదే స్లైడులో ఒక్కో ఫీల్డుకి, అంటే లెన్సులో ఒకసారి కనిపించే మేరకి, సగటున ఎన్ని ప్లేట్‌లెట్లు ఉన్నాయో లెక్కపెట్టి 15,000తో గుణిస్తే మైక్రోలీటరు రక్తంలో ఎన్ని ఉన్నాయో ఉజ్జాయింపు సంఖ్య వచ్చేస్తుంది. మైక్రోస్కోపు చాలా క్లినిక్కుల్లో ఉంది, దుమ్ము పట్టి ఉంది. చూడటం మర్చిపోయిన కంటికి మళ్లీ అలవాటు చేయించడమే ఇక్కడ పని, అది ఉపన్యాసంతో అయ్యేది కాదు. అనవసరంగా రాసే యాంటీబయాటిక్ కోర్సులు మందుకు లొంగని బ్యాక్టీరియాను పెంచుతాయి, అది రేపు మనుషుల మీదికీ రావచ్చన్న సంగతి అందరికీ తెలిసిందే.

విదేశీ మార్గదర్శకాలు మనకు పనికిరావు అనే మాట తరచూ వింటుంటాం. నేను ఒప్పుకోను. చిన్న జంతువుల వైద్యుల ప్రపంచ సంఘం డబ్ల్యూఎస్ఏవీఏ 2014లో నొప్పి మీద ఇచ్చిన సూచనల్లో, మార్ఫిన్ లాంటి నియంత్రిత మందులు దొరకని చోట ఏం చేయాలో విడిగా రాసింది. 2020లో కుక్కలు, పిల్లులకు అత్యవసర మందుల జాబితా కూడా ఇచ్చింది. 2016 టీకాల సూచనల్లో అయితే, యజమాని ఒక్కటే టీకా వేయించగలిగితే దాన్ని పిల్లకు 16 వారాలు నిండాక వేయండి అని ఉంది. తల్లి నుంచి వచ్చి టీకాను అడ్డుకునే యాంటీబాడీలు అప్పటికి తగ్గిపోతాయి, టీకా పట్టే అవకాశం ఎక్కువ. పేద ఇంటి కుక్కపిల్లకి ఇంతకంటే పనికొచ్చే మాట ఏముంటుంది? అదే పత్రం పెద్ద కుక్కలకు డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బుల టీకాలు మూడేళ్లకోసారి కంటే తరచుగా అక్కర్లేదని కూడా చెప్పింది. ఇక్కడే ఇబ్బంది. ఏటేటా వేసే టీకాల మీద క్లినిక్ అద్దె నడుస్తుంటే ఆ మాట చెవికెక్కదు. అందుకే చదువుతో పాటు, టీకాకు కాకుండా ఏటా చేసే పూర్తి పరీక్షకు ఫీజు తీసుకోవడం కూడా నేర్పాలి. రేబిస్ సంగతి వేరు, అక్కడ టీకా లేబుల్, స్థానిక చట్టం ఏం చెబితే అదే చేయాలి.

నేర్పే దారి కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. అమెరికాలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ఎకో అనే పద్ధతి మొదలుపెట్టారు. మారుమూల పల్లెల్లోని మామూలు డాక్టర్లు తమ హెపటైటిస్ సి కేసుల్ని వీడియోలో నిపుణుల ముందు పెట్టి చర్చించేవాళ్లు. ఆ పల్లె డాక్టర్ల వైద్యం విశ్వవిద్యాలయం క్లినిక్‌తో సమానంగా ఫలితాలిచ్చిందని 2011లో తేలింది. పెట్ డాక్టర్లు వాట్సాప్ గ్రూపుల్లో సగం ఇదే చేస్తున్నారు. పుండు ఫొటో పెడతారు, ఎక్స్‌రే పెడతారు, ముందు ఎవరు జవాబిస్తే వాళ్ల డోసే వాడేస్తారు. ఆ కుక్క చివరికి ఏమైందో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. దాన్ని ఓ పద్ధతిలో పెడితే చాలు. వారానికోసారి ఒక సీనియర్ కూర్చోవాలి, రెండు కేసులు వినాలి, సొంత భాషలో మాట్లాడాలి, నెల తర్వాత ఆ జంతువు ఎలా ఉందో తిరిగి అడగాలి. చనిపోయిన కేసు తెచ్చినవాణ్ని ఎవరూ చులకన చేయకూడదు, లేకపోతే అందరూ గెలిచిన కేసులే తెస్తారు.

ఆ సీనియర్‌కి గౌరవ వేతనం ఇవ్వాలి, ఉచిత సేవ అంటే మూడు నెలల్లో ఆగిపోతుంది. డాక్టర్ల దగ్గర రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేసే పశువైద్య కౌన్సిళ్లే అందులో కొంత దీనికి కేటాయించాలి. రెన్యువల్ రోజున సర్టిఫికెట్ల కట్ట అడగడం మాని, డాక్టరు ఈ మధ్య చూసిన రెండు కేసులు రాసిమ్మనాలి. ఇంతకుముందు అలాంటి కేసుకి ఏం చేసేవాడు, ఇప్పుడేం చేశాడు, ఆ మార్పు ఎందుకు చేశాడు అన్నది ఒక్క పేజీలో రాస్తే సరిపోతుంది.